కుడి సీటు చేతులు

స్వస్తి శ్రీ. సమస్త గగనమండల విహారాభిలాషి, నలభై గంటల శిక్షణాభ్యాస విరాజమానుడు, ముండ్లపాడు రన్‌వేను ఒక్కొక్క అవరోహణలో ముమ్మారు స్పృశించగల ఏకైక విద్యార్థి, కిళాంబి పరాంకుశం అను నేను ఈ వృత్తాంతాన్ని స్వహస్తాలతో రాస్తున్నాను. "స్వహస్తాలతో" అన్న మాటను పాఠకులు ఊరకే దాటిపోవద్దు. నేను ఇంత కథ చెప్పవలసి వచ్చింది ఆ ఒక్క మాట కోసమే.

ఇరవై ఏళ్లుగా రాతిశాసనాలు చదవడం నా వృత్తి. ఓడిన యుద్ధాలను బిరుదుల వెనక దాచుకునే రాజులతో అంతకాలం సహవాసం చేస్తే ఆ జబ్బు మనకూ అంటుతుంది. బిరుదులు తొలగిస్తే మిగిలే సత్యం చాలా చిన్నది. నలభై నాలుగో ఏట నేను విమానం నడపడం నేర్చుకోబోయింది ఆకాశం మీద ప్రేమతో కాదు. నా భార్యకు విమానం నేర్పిన మనిషి మీద అసూయతో.

వకుళ నాడీశాస్త్రవేత్త. పక్షవాతంతో చేతులు మరిచిపోయిన రోగులకు ఆ చేతులను మళ్లీ గుర్తు చేయించే ప్రయోగశాల ఆమెది. రెండేళ్ల క్రితం, పరిశోధనకు పనికొస్తుందన్న మిషతో, ముండ్లపాడు ఫ్లైయింగ్ క్లబ్బులో చేరింది. పద్నాలుగు గంటల శిక్షణకే ఒంటరిగా ఎగిరి దిగింది. అప్పటి నుంచి మా భోజనాల బల్ల మీద మూడో విస్తరి ఒకటి కనిపించకుండా పరిచి ఉండేది.

"దేవసహాయం గారు థ్రాటిల్ మీద చెయ్యి వేస్తే ఇంజను మాట వింటుందండీ," అని ఒకనాడు పప్పు వడ్డిస్తూ అన్నది.

నా అన్నంలో ఆ పప్పు అక్కడికక్కడే చల్లారింది.

కెప్టెన్ దేవసహాయం వయసు యాభై ఆరు. జుట్టంతా నెరిసింది. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. అసూయపడేవాడికి ఎదుటివాడిలో ద్వేషించదగిన లోపమొకటి దొరకడం కనీస సౌకర్యం. ఆయన నాకు ఆ సౌకర్యం కూడా కలిగించలేదు. నేను క్లబ్బులో చేరిన రోజున నమస్కరించి, "మీలాంటి పండితులకు నేర్పడం నా భాగ్యం మాష్టారూ," అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. అది మరీ ఘోరం.

ముప్పైయొకటో గంట శిక్షణలో మా అవరోహణ ఇలా జరిగింది. రెండు సీట్ల చిన్న విమానం. ఎడమ సీటులో విద్యార్థిగా నేను, కుడి సీటులో గురువుగా ఆయన. రన్‌వే మా ఎదుట నల్లని తాళపత్రంలా పరుచుకుని ఉంది. చక్రాలు నేలను తాకబోయే ముందు ముక్కును మెత్తగా, వేలెడంత వేలెడంతగా పైకెత్తి, విమానాన్ని నేల మీద "కూర్చోబెట్టాలి". నేను ఎత్తాను. ఎక్కువ ఎత్తాను. తప్పు తెలిసి దించాను. ఎక్కువ దించాను. విమానం నేలను తాకి లేచింది, తాకి లేచింది, మూడోసారి తాకి ఇక లేవలేక ఊరుకుంది.

"పొదుపైన మనిషి మాష్టారు," అన్నాడు కెప్టెన్, తలుపు తీసి దిగుతూ. "ఒక్క ట్రిప్పులో మూడు ల్యాండింగులు."

కంచె దగ్గర నిలబడిన వకుళ మూడు వేళ్లు పైకెత్తి చూపింది. ఆమె ఎప్పుడూ లెక్క తప్పదు.

ఆ సాయంత్రమే ప్రయోగశాలలో ఆమె నా ముందు రెండు తొడుగులు పెట్టింది. మోచేతుల దాకా వచ్చే పల్చని బూడిదరంగు తొడుగులు. వాటి నుంచి ఒక తీగ వెళ్లి మెడ వెనక రూపాయి బిళ్లంత తీగచుట్టకు కలుస్తుంది. ప్రయోగశాలవారు దానికొక నంబరు పెట్టుకున్నారు. నేను "కరసంక్రమణ యంత్రం" అని నామకరణం చేశాను. ఆ గౌరవం దానికి తగినదే. తేలికగా చెప్పాలంటే, నేర్పరి చేతులకు తొడిగితే వాటి అలవాటును పట్టుకుంటుంది. తరువాత మరొకరికి తొడిగితే ఆ అలవాటును వారి చేతుల్లో దింపుతుంది.

"ఒకరి చెయ్యి నేర్చినదంతా వస్తుంది," అన్నది వకుళ. "ఇది కావాలి, అది వద్దు అని ఏరుకోవడం దీనికి చేతకాదు. మీ చేతుల్లో ఉన్నది కూడా కిందపడుతుంది. అందుకే ముందు మీ చేతులను నమోదు చేసి దాస్తాను. నలభై రోజుల లోపు ఎప్పుడైనా మీవి మీకు తిరిగి ఎక్కించవచ్చు. ఆ గడువు దాటితే..."

"దాటితే?"

"వచ్చినవే మీవైపోతాయి."

"ఎవరి చేతులు ఎక్కిస్తావు నాకు?"

అడగవలసిన పని లేని ప్రశ్న అది. ఆమె జవాబు చెప్పవలసిన పని లేనట్టుగానే తొడుగులు సర్దింది.

నేను ఒప్పుకున్నాను. అసూయపడ్డ వాడు శత్రువు ఆయుధాన్ని అపహరించే అవకాశం వస్తే ధర్మమీమాంస చేయడు.

ముందుగా నా చేతుల నమోదు జరిగింది. విమానం నడుపుతుండగా ఒక పూట. నా రాతి దగ్గర ఇంకొక పూట.

ఆ రాతిని గురించి ఇక్కడ చెప్పాలి. రన్‌వేకు మైలు దూరంలో, మిరపతోట మధ్య, ఛాతీ ఎత్తున నిలిచిన నాపరాయి ఒకటుంది. మేళాంబ అనే రాణి వేయించిన దానశాసనం. పదిహేను పంక్తులు. పద్నాలుగు నేను చదివాను. తొమ్మిదోది పూర్తిగా అరిగిపోయింది. ఏడేళ్లుగా ప్రతి ఆదివారమూ వెళ్లి, కళ్లు మూసుకుని, ఆ పంక్తి మీద వేళ్లు నడిపేవాణ్ణి. వెయ్యేళ్లనాటి అక్షరం చూపుకు అందకపోయినా వేలికొనకు అందుతుంది. అది నా చేతులకు మాత్రమే తెలిసిన విద్య. నేను ఇంటికి రాగానే వకుళ అడిగేది: "ఎలా ఉన్నారు మీ రాణిగారు?" దాన్ని నేను పరిహాసమనుకునేవాణ్ణి. ఇరవై ఏళ్ల పాండిత్యం ఒక మామూలు ప్రశ్నను చదవలేకపోయిందన్నమాట.

తరువాత దేవసహాయం చేతులను నమోదు చేశారు. వాటిని నాకు ఎక్కించారు. మర్నాడు ఉదయం మూడువేల అడుగుల ఎత్తున, గ్రహగతులన్నీ నాకు అనుకూలంగా ఉన్న ఒకానొక శుభముహూర్తంలో, కెప్టెన్ తన చేతులు ఒళ్లో పెట్టుకుని, "కానివ్వండి మాష్టారూ, వేగం తగ్గించి దిగుతున్నట్టు నటించండి," అన్నాడు.

నా కుడిచెయ్యి అత్యంత సుకుమారంగా థ్రాటిల్‌ను వెనక్కి లాగింది. ఇంజను మూలిగి నీరసించింది. వెంటనే నా ఎడమచెయ్యి, అంతే సుకుమారంగా, ఎదుట ఉన్న కంట్రోలును ముందుకు తోసింది. విమానం ముక్కు వంచి మిరపతోటల వైపు బయలుదేరింది. ముక్కు లేపుదామని నేనెంత తలచినా, నా ఎడమచెయ్యి మరింత శక్తి కావాలన్నట్టు ముందుకే తోస్తోంది.

"ఐ హావ్ కంట్రోల్!" అని అరిచి కెప్టెన్ అందుకున్నాడు. విమానం మళ్లీ సమంగా నిలిచింది. ఆపైన ఆయన నవ్వడం మొదలుపెట్టాడు.

"తప్పు నాదే మాష్టారూ. ముప్పై ఏళ్లుగా నేను కుడి సీటులో కూర్చుంటున్నాను. ఈ సీట్లో థ్రాటిల్ నా ఎడమచేతి పని, కంట్రోలు కుడిచేతి పని. మీ సీట్లో తిరగబడుతుంది. మేడమ్ గారు నన్ను నా సీట్లోనే కూర్చోబెట్టి తొడుగులు వేశారు, నాకూ తట్టలేదు."

ప్రపంచంలో ఏ ప్రయోగశాలా చేయలేని ఈ పొరపాటును నా గృహిణి ప్రయోగశాల చేసింది. సరిదిద్దే మార్గం ఒక్కటే: ఆయనను విద్యార్థి సీటులో, ఎడమవైపున కూర్చోబెట్టి మళ్లీ నమోదు చేయడం. పక్కసీటులో యంత్రం చూసుకుంటూ ఎవరో ఒకరు ఉండాలి. యంత్రం తెలిసినదీ, విమానం తెలిసినదీ వకుళ ఒక్కతే.

నాలుగు ఉదయాలు. రోజుకు నలభై నిమిషాలు. ఒకే ఒక చిన్న గదిలో, భుజం భుజం తగిలేంత దగ్గరగా, నేలకు రెండువేల అడుగుల పైన వారిద్దరూ. కింద కంచె పట్టుకుని ఏకాకిగా నేను. ఆ నాలుగు రోజులూ ఆ విమానం ఎంత మెత్తగా దిగిందంటే, చక్రాలు నేలను తాకిన క్షణం ఏదో నాకు తెలిసేది కాదు. మరి ఏ రన్‌వే చరిత్రలోనూ ఒక మృదువైన అవరోహణ ఒక ప్రేక్షకుణ్ణి అంతగా బాధించి ఉండదు.

కొత్త నమోదును నాకు ఎక్కించారు. కొత్తవి ఎక్కాయి కనుక నలభై రోజుల గడువు ఆ రోజు నుంచి మళ్లీ మొదలైంది.

ఈసారి చేతులు పనిచేశాయి. పదోరోజుకు నేను విమానాన్ని పసిపాపను తొట్టిలో పడుకోబెట్టినట్టు దించుతున్నాను. చుక్కాని తొక్కే కాళ్లు మాత్రం కిళాంబి వంశానివే కనుక, దిగాక విమానం కాస్త అటూఇటూ ఊగేది. కెప్టెన్ ఆనందానికి అవధి లేదు. వకుళ ఆనందానికి కూడా. ఆ ఆనందం ఎవరి చేతుల వల్ల అన్నది నేను అడగలేదు.

ఇరవయ్యో రోజు ఉదయం, కాఫీ గ్లాసు అందుకోబోతూ నా చూపుడువేలి గోరు దాని అంచును రెండుసార్లు తట్టింది. టక్, టక్. దేవసహాయం బయలుదేరే ముందు ఇంధనం ముల్లు ఉన్న అద్దాన్ని అలాగే తడతాడు.

పత్రిక చదువుతున్న వకుళ తల ఎత్తకుండానే, "ఫ్యూయల్ చూసుకున్నారా కెప్టెన్ గారూ?" అన్నది. నవ్వుతూ తల ఎత్తింది. ఎదుట నేను. ఆ నవ్వు ఏం చేయాలో తెలియక ముఖం మీదే కాసేపు నిలబడి, తరువాత వెళ్లిపోయింది.

"చక్కెర వెయ్యనా?" అని అడిగింది, ఎప్పుడూ అడగని ప్రశ్న.

అసూయలు చాలా రకాలు. పొరుగువాడి సంపద మీద, సహాధ్యాయి పదవి మీద, పరాయి పురుషుడి మీద. తన మణికట్టుకు అంటుకుని ఉన్న చేతి మీద అసూయపడే భాగ్యం మాత్రం మానవజాతిలో నాకే దక్కింది. ఆ రోజు నుంచి ఆమె భుజం మీద చెయ్యి వేయడానికి నాకు ధైర్యం చాలలేదు. వేస్తే ఎవరు వేసినట్టు?

ఇరవైనాలుగో రోజు ఆదివారం. రాతి దగ్గరకు వెళ్లాను. కళ్లు మూసుకుని వేళ్లు ఆనించాను. గరుకు తగిలింది. ఇంకేమీ తగల్లేదు. నేను అచ్చు తీసి ముద్రించిన మొదటి పంక్తి, పిల్లవాడికైనా చదవ వీలైన "స్వస్తి శ్రీ" కూడా, నా వేళ్లకు ఇసకకాగితంలా ఉంది. తడి కాగితం పరిచి, కుంచెతో కొట్టి, సిరా అద్ది అచ్చు తీయబోయాను. ఇరవై ఏళ్లలో మొదటిసారి కాగితం చిరిగింది.

ఆ క్షణమే వెళ్లి నా చేతులు నేను అడిగి పుచ్చుకోవలసింది. అడగలేదు. నా ఒంటరి ప్రయాణానికి ముప్పైయెనిమిదో రోజు నిర్ణయమైంది. ఆ కంచె దగ్గర నిలబడి వకుళ ఒక్కసారి నాకోసం చప్పట్లు కొట్టాలి. ఆ ఒక్కదానికోసం రాణి మేళాంబను పద్నాలుగు రోజులు వాయిదా వేశాను. చిరిగిన కాగితాన్ని సంచిలో దాచాను. వకుళ ఆ సంచి వైపు చూసింది. ఆ ఆదివారం "రాణిగారు ఎలా ఉన్నారు?" అని అడగలేదు.

ముప్పైయేడో రోజున ఒక వింత జరిగింది. వకుళ ఒంటరిగా ఎగిరి వచ్చి దిగుతూ, రన్‌వే మీద మూడుసార్లు ఎగిరిపడింది.

"గాలి," అన్నాడు కెప్టెన్. నేను గాలి ఎటు వీస్తోందో చూపే గాలిసంచి వైపు చూశాను. అది కర్రకు అతుక్కుని నిద్రపోతోంది.

మర్నాడు నా పట్టాభిషేకం. కెప్టెన్ కుడి సీటు నుంచి దిగి, తన బెల్టును ఖాళీ సీటుకు బిగించి, "వెళ్లి రండి మాష్టారూ," అని తలుపు వేశాడు. నేను పైకి లేచాను. రన్‌వే చుట్టూ చతురస్రంగా తిరిగాను. కింద మిరపతోటలు, మధ్యలో మినపగింజంత నా శాసనం. ఆకాశంలో మొదటిసారి ఒంటరిగా ఉన్నవాడికి భయమో, ఉత్సాహమో, దైవస్మరణో కలుగుతుందని విన్నాను. నాకు మర్యాద కలిగింది. పరాయి వాడి వాహనంలో పక్కన కూర్చున్న అతిథికి ఉండే మర్యాద. విమానంలో నేనొక్కణ్ణే అని క్లబ్బు పుస్తకంలో రాసి ఉంది. ఇద్దరం ఉన్నాం.

చేతులు నన్నేమీ అడగలేదు. విమానాన్ని దించాయి. చక్రాలు ఎప్పుడు తాకాయో నాకే తెలియలేదు.

ఆచారం ప్రకారం మెకానిక్కులు బకెట్ల నీళ్లు నెత్తిన గుమ్మరించారు. వకుళ చప్పట్లు కొట్టింది. పద్నాలుగు రోజులుగా నేను కలగన్న చప్పట్లు, తడిసి ముద్దయిన నా పక్కగా వెళ్లి, కుడి సీటు నుంచి దిగి నిలబడిన మనిషికి చేరినట్టు వినిపించాయి. ఆయన కూడా చప్పట్లు కొడుతున్నాడు. కాస్త ఆలస్యంగా, ఏదో ఆలోచిస్తూ.

ముప్పైతొమ్మిదో రోజు ఉదయం నేను ప్రయోగశాలకు వెళ్లి నా చేతులు తిరిగి ఇమ్మన్నాను. వకుళ లోపలి గదిలో తొడుగులు తేవడానికి వెళ్లింది. బల్ల మీద పుస్తకం తెరిచి ఉంది. ఎవరి నమోదును ఎవరు ఎక్కించుకున్నదీ అందులో రాస్తారు. "పరాంకుశం చేతులు" అన్న పద్దు ఎదుట, పదకొండు రోజుల నాటి తేదీతో ఒక పేరుంది. వకుళ.

ఆమె వచ్చేసరికి నా వేలు ఆ పేరు మీదే ఉంది.

"నా చేతులు నీకెందుకు వకుళా?"

"మీరు పారేసుకున్నారుగా."

"అది కాదు."

ఆమె తొడుగులు బల్ల మీద పెట్టింది. "ఏడేళ్లు. ఆదివారం వస్తే ఆ రాతి దగ్గరకు. కళ్లు మూసుకుని నిమిరేవారు దాన్ని. నా చెయ్యి మీరు పట్టుకుని ఎన్నాళ్లయిందో నేను చెప్పనా? మీరు చెబుతారా?"

నేను పుస్తకం మీది వేలు తీసేశాను.

"ఆ రాతిలో ఏముందో నా వేళ్లకూ తెలియాలనుకున్నాను. మీ సంచిలో చిరిగిన కాగితం చూశాక, ఇక మీకు అక్కర్లేదనుకున్నాను. ఎక్కించుకున్నాను."

"మొన్న నువ్వు దిగినప్పుడు..."

"మూడు దెబ్బలు. తెలుసండీ. కంచె దగ్గర నిలబడి ఆర్నెల్లు లెక్కపెట్టినదాన్ని, గుర్తుపట్టనా?" నవ్వబోయి మానేసింది. "తొమ్మిదో పంక్తి చదివాను."

ఆ క్షణాన నాలో లేచిన అసూయ ముందు దేవసహాయం వ్యవహారం పసివాళ్ల గిల్లికజ్జాలా ఉంది. నా వేళ్లతో, నా రాతి మీద, నేను లేనప్పుడు!

"ఏముంది?" అన్నాను.

"ఏమీ లేదు. అది అరగలేదండీ. చెక్కేశారు. ఉలి గాట్లన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి, ఎవరో పక్కన నిలబడి కసిగా కొట్టించినట్టు. ఎనిమిదో పంక్తి రాజుగారితో ముగుస్తుంది. పదోది మీ మేళాంబతో మొదలవుతుంది. మధ్యన సరిగ్గా ఒక మనిషి పట్టేంత చోటు."

"నేను ఏడేళ్లు..."

"మీ వేళ్లకు ఆ గాట్లు ఎప్పుడో తెలుసు. మీకే తెలియలేదు. మీరు భక్తితో వెళ్లారు. నేను అసూయతో వెళ్లాను. అరగంట పట్టింది."

ఇరవై ఏళ్ల పాండిత్యం ఒక ముక్కాలిపీట మీద కూర్చుండిపోయింది. ఆమె నా ఎదుట మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్క వేలూ సర్దుతూ, నాకు తొడుగులు వేసింది. నావి నాకు ఎక్కించింది. తరువాత తనవి తను. అందుకు ఒక పూట పట్టింది. ఆ పూటంతా మేము మాట్లాడుకున్నవి ఏ శాసనంలోనూ చెక్కదగినవి కావు కనుక ఇక్కడ చెక్కను.

ఆ సాయంత్రం క్లబ్బుకు వెళ్లి, నా శిక్షణ పుస్తకంలో ఒంటరి ప్రయాణం నమోదైన పంక్తిని కొట్టివేయమని కెప్టెన్‌ను కోరాను. జరిగినదంతా చెప్పాను, కాఫీ గ్లాసు సంగతి తప్ప.

"మీ లైనే కదా మాష్టారూ?"

"మీది, కెప్టెన్ గారూ."

ఆయన పుస్తకాన్ని తన వైపు తిప్పుకున్నాడు. "ఒక మాట చెప్పనా? ముప్పై ఏళ్లలో నేను దిగడం నేను బయట నుంచి చూసింది నిన్ననే. ఇంత బాగా దించుతానని నాకు తెలీదు. మీరు దిగొస్తుంటే..." సిగ్గుపడ్డాడు. "కొంచెం ఈర్ష్య కలిగింది మాష్టారూ. క్షమించాలి."

రెండేళ్లుగా నేను వెతుకుతున్న లోపం ఆయన చేతులారా తెచ్చి నా చేతిలో పెట్టాడు. అప్పటికి నాకు దానితో పని లేకపోయింది. పంక్తి మీద ఒక గీత గీశాను. మేళాంబకు ఉలి, నాకు బాల్‌పెన్ను. పక్కన ఇద్దరం సంతకాలు చేశాం. కింద ఏముందో ఎవరైనా చదువుకోవచ్చు. నేను గట్టిగా గీయలేదు.

మరుసటి వారం మళ్లీ మొదటి నుంచి. ఎడమ సీటులో నేను, కుడి సీటులో కెప్టెన్, చేతులు ఒళ్లో పెట్టుకుని. నేలకు అడుగు ఎత్తున ముక్కు ఎత్తాను. ఎక్కువ ఎత్తాను. దించాను. ఒకటి. రెండు. కెప్టెన్ కళ్లు మూసుకున్నాడు. మూడు.

కంచె దగ్గర వకుళ ఈసారి వేళ్లు చూపలేదు. నేను దిగి దగ్గరకు వెళ్లాక, చెమట పట్టిన నా కుడిచేతిని లాక్కుని, అరచెయ్యి పైకి తిప్పి, కళ్లు మూసుకుని, తన వేలికొనలతో మెల్లగా ఒక్కొక్క గీతా తడిమింది. ఆ విద్య ఇప్పుడు ఆమె చేతుల్లో లేదు. అయినా తడిమింది.

"ఏమైనా కనిపించిందా?" అన్నాను.

"అరుగుదల," అన్నది. కళ్లు తెరవకుండానే, "ఉలి లేదు," అన్నది.